మతసంస్థ హాస్టల్ అయితే అధికారులు అడగకూడదా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మా మేనల్లుడికి 15 ఏళ్లు. గంజాయి అలవాటై బడి మానేస్తే, మా బావగారు వాణ్ణి ఏటిగట్టు పక్కన ఒక మతసంస్థ నడిపే వసతి బడిలో చేర్చారు. నెలకి 8 వేలు కడుతున్నారు. నాలుగు నెలలైనా మా అక్కని కూడా చూడనివ్వడం లేదు. పిల్లల్ని గదిలో పెట్టి తాళం వేస్తున్నారని, కొడుతున్నారని, రొయ్యల చెరువుల్లో పని చేయిస్తున్నారని అక్కడినుంచి బయటపడ్డ కుర్రాడొకడు చెప్పాడు. విద్యాశాఖలో అడిగితే ‘మతసంస్థ కదా, మా పరిధి కాదు’ అన్నారు. బావగారు ఒప్పుకోకపోయినా నేను ఫిర్యాదు చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. విద్యాశాఖవారు మీకు సగం నిజమే చెప్పారు. ప్రధానంగా మతబోధన చేసే సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2012 సవరణలో 1(5) సెక్షన్ చేర్చారు. పైగా ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికే. మీవాడు ఆ వయసు దాటాడు. కాబట్టి ఆ తలుపు తట్టి లాభం లేదు.

మీకు పనికొచ్చేది పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం, 2015. ఇందులో మతసంస్థలకు మినహాయింపు లేదు. సంరక్షణ అవసరమైన పిల్లల్ని పూర్తిగానో, కొంతమేరకో ఉంచుకునే సంస్థ ఏదైనా, సర్కారు సాయం తీసుకున్నా తీసుకోకపోయినా, 41వ సెక్షన్ కింద నమోదు చేయించుకోవాలి. చేయించకపోతే నిర్వాహకులకు ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు ఆలస్యమయ్యే ప్రతి 30 రోజులూ వేరే నేరమే.

గోడకు ఫ్రేము కట్టి తగిలించిన కాగితం చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. అది సాధారణంగా 2001 సొసైటీల చట్టం కింద ఇచ్చిన రిజిస్ట్రేషనో, ట్రస్టు దస్తావేజో. సంఘం పుట్టిందని చెప్పే కాగితమే గానీ పిల్లల్ని ఉంచుకోవడానికి అనుమతి కాదు. 41 కింద దరఖాస్తు ఇచ్చిన రసీదు చూపించినా తేదీ చూడండి. నెలలోపు ప్రభుత్వం తాత్కాలిక నమోదు ఇవ్వకపోతే ఆ రసీదే తాత్కాలిక నమోదుగా చెల్లుతుంది, అదీ గరిష్ఠంగా 6 నెలలే. అసలు నమోదు గడువు 5 ఏళ్లు.

వాళ్లు వేసే గట్టి ఎత్తు ఒకటుంది: ‘మాది అనాథాశ్రమం కాదు, హాస్టల్. తల్లిదండ్రులే చేర్చారు.’ చిక్కంతా ఇక్కడే. మామూలు బడి హాస్టళ్లన్నీ ఈ చట్టం కిందికి రావు. కానీ సంరక్షణ అవసరమైన పిల్లలు అనే నిర్వచనాన్ని సంకుచితంగా చదవకూడదని 2017లో సుప్రీంకోర్టు తమిళనాడు అనాథాశ్రమాల కేసులో చెప్పింది. గుర్తింపు ఉన్న బడే లేనప్పుడు ‘బడి హాస్టల్’ అనే మాట నిలవదు. అందుకే ఫిర్యాదులో అక్కడ ఏ తరగతి చెబుతున్నారు, పిల్లాడి పేరు ఏ బడి రిజిస్టర్లో ఉంది అనేవి ముందు రాయండి.

ఇక తండ్రి సమ్మతి. చేర్చడానికి అది చాలవచ్చు, తాళం వేసి కొట్టడానికి చాలదు. మేలు కోరి చేసిన పనికి సంరక్షకుడి సమ్మతితో వచ్చే రక్షణ (భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 27) 12 ఏళ్లలోపు వారికీ, మతిస్థిమితం లేనివారికీ సంబంధించినది. మీవాడికి 15 ఏళ్లు. అక్రమంగా 10 రోజులు, ఆపైన నిర్బంధిస్తే అదే సంహిత 127(4) కింద 5 ఏళ్ల వరకు జైలు. సంస్థ నడిపేవారే పిల్లల్ని హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75 కింద 5 ఏళ్ల వరకు కఠిన కారాగారం, 5 లక్షల వరకు జరిమానా. చెరువుల్లో పని నిజమైతే, పిల్లలతో వెట్టిచాకిరీ చేయించడానికి సంబంధించిన 79 కూడా వేయమనండి. ‘గంజాయి మాన్పిస్తాం’ అని డబ్బు తీసుకుంటున్నారంటే ఇంకో కోణం తెరుచుకుంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు అలవాటుకు సంబంధించిన మానసిక స్థితుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, అటువంటి కేంద్రానికి విడిగా రిజిస్ట్రేషన్ అడుగుతుంది, ఎవరినీ గొలుసులతో కట్టకూడదంటుంది.

ముందుగా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసి, ఆ రోజే లిఖితపూర్వకంగా మీ జిల్లా బాలల సంక్షేమ సమితికి (ఇలాంటి పిల్లల విషయం తేల్చేది ఇదే) ఇవ్వండి. నకలు కలెక్టర్‌కు, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి. 2022లోనే జిల్లాలు విడిపోయినా కొందరు ఇంకా కాకినాడకే పరుగెత్తుతున్నారు. మీకు అమలాపురమే. మేనమామగా మీరు ఇవ్వొచ్చు, అక్కగారి సంతకం ఉంటే బలం. సమితి లేని రోజైనా ఒక్క సభ్యుడి ముందు పిల్లాణ్ణి హాజరుపరచవచ్చు. అక్కడినుంచి తీసుకొచ్చాక 24 గంటల్లో ఆ పని జరగాలి.

ఎక్కువ ఫిర్యాదులు చెడేది రెండు చోట్ల. ఒకటి, మతం మీద నాలుగు మాటలు రాసేస్తారు. అసలు విషయం పక్కకు పోయి ఊళ్లో రెండు వర్గాలవుతాయి. తేదీలు, గాయాలు, రసీదులు, ఆ కుర్రాడి చిరునామా రాయండి చాలు. రెండు, తనిఖీకి వస్తున్నట్టు ముందే కబురు అందుతుంది, పిల్లాడు వార్డెన్ ఎదుట ‘బాగానే ఉన్నాను’ అంటాడు. అందుకే విడిగా మాట్లాడాలని, వైద్య పరీక్ష చేయించాలని అర్జీలోనే అడగండి. తనిఖీ బృందంలో ముగ్గురికి తగ్గకూడదు, ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. మూడు నెలలకోసారి రావాలి. ఆ నివేదికలు, 41 నమోదు వివరం 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అప్పటికీ కదలకపోతే అక్కగారి పేరున హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్) వేయవచ్చు. మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు, న్యాయసహాయ నంబరు 15100కి చేయండి. అయితే బయటికి తెచ్చాక వాణ్ణి ఎక్కడ ఉంచుతారో ముందే తేల్చుకోండి. మత్తు మాన్పించే సహాయ నంబరు 14446కి ఫోన్ చేసి, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో చూపించే ఏర్పాటు రాసి ఇస్తే, సమితి పిల్లాణ్ణి అక్కగారికి అప్పగించడం తేలికవుతుంది.