గద్దలను గుర్తుపట్టడం గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

బైనాక్యులర్స్ కొనుక్కున్నావని, కానీ పైన ఎగిరే గద్దలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయని రాశావు. టెన్షన్ పడకు, మొదట్లో అందరికీ అంతే. నువ్వు రంగుతో మొదలుపెడుతున్నావు, అక్కడే చిక్కు. వెలుతురుకి ఎదురుగా చూస్తే ఏ పక్షైనా నల్లగానే ఉంటుంది. పైగా ఈ జాతుల్లో చాలావాటికి చిన్నప్పుడు ఒక రంగు, పెద్దయ్యాక ఇంకో రంగు. కొన్ని పెద్ద గద్దలకు అసలు రంగు రావడానికి 5 ఏళ్లు కూడా పడుతుంది. అందుకే ముందు ఆకారం చూడు, తర్వాత ఎగిరే తీరు.

రెక్కలు సన్నగా, కొసలు మొనదేలి ఉంటే సాళువల్లో, అంటే ఫాల్కన్లలో, ఏదో ఒకటి. రెక్కలు పొట్టిగా గుండ్రంగా, తోక పొడుగ్గా ఉంటే డేగ. చెట్ల మధ్య చటుక్కున మలుపు తిరగాలంటే అలాంటి ఒళ్లే కావాలి మరి. నాలుగైదుసార్లు గబగబా రెక్కలు కొట్టి కాస్త దూరం జారుతుంది, మళ్లీ కొడుతుంది. వెడల్పాటి రెక్కల చివర ఈకలు వేళ్లలా విడివిడిగా కనిపిస్తే పెద్ద గద్దో, రాబందో అయి ఉంటుంది.

నల్లగద్దను మాత్రం తీరిగ్గా చూడు తల్లీ. దాని తోక చివర చీలి ఉంటుంది, కానీ తోక పూర్తిగా విప్పితే ఆ చీలిక కనబడదు. కాబట్టి మడిచేదాకా చూపు తిప్పకు. రెక్క ఆడించకుండా తేలుతూనే తోకను అటూ ఇటూ మెలితిప్పి దారి మార్చుకుంటుంది. నాకైతే ఎంత చూసినా తనివి తీరదు. ఇక సాళువల్లో చిన్నదొకటి ఉంది, గాలికి ఎదురుగా ఒకేచోట రెక్కలు ఆడిస్తూ నిలబడుతుంది. ఒళ్లంతా ఊగుతున్నా తల మాత్రం కదలదు, చూపు కింద గడ్డి మీదే.

సైజును నమ్మకు. వీటిలో చాలావరకు ఆడదే మగదానికన్నా పెద్దది.

మరీ తెల్లవారుజామునే వెళ్లక్కర్లేదు. ఎండెక్కి, నేల వేడెక్కి, గాలి పైకి లేస్తేగానీ పెద్దవి చక్కర్లు మొదలుపెట్టవు. కాకులు ఉన్నట్టుండి గోలగా ఎవరి వెంటో పడ్డాయంటే వెంటనే అటు చూడు. పేరు తేలకపోతే నోట్‌బుక్‌లో "తెలియలేదు" అని రాసి బొమ్మ గియ్యి. ఊహించి పేరు రాయకు.

గూడు దొరికితే దగ్గరికి పోవద్దు. తల్లిపక్షి నీ మీదుగా తిరుగుతూ అరుస్తోందంటే నువ్వు మరీ దగ్గరికి వచ్చేశావన్నమాట, వెనక్కి వచ్చెయ్. ఫొటో కోసం అసలే ఆగకు.

దెబ్బ తిన్న పక్షి కనిపిస్తే ముక్కు కన్నా గోళ్లతోనే ఎక్కువ ప్రమాదం. మందపాటి తువ్వాలు కప్పి పట్టుకుని, గాలాడే చిల్లులున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచు. నోట్లో నీళ్లు పొయ్యకు, ఏమీ తినిపించకు. ఆలస్యం చెయ్యకుండా అటవీశాఖ వాళ్లకో, పక్షుల డాక్టరుకో అప్పగించు.

ఉంటాను,
పెదనాన్న