మందను విడిచి రాలేని క్రిస్మస్ రాత్రి

ప్రశ్న: మేము విశాఖపట్నానికి ఆనుకొని ఆనందపురం వైపున్న ఒక ఊళ్లో ఉంటున్నాము. మావారు నగరంలో ఉద్యోగం చేస్తారు. నేను పెరట్లో పాక వేసి గొర్రెలను పెంచుతున్నాను. పిల్లల ఫీజులు వాటి మీదనే గడుస్తున్నాయి. అవి ఎక్కువగా డిసెంబరులోనే ఈనుతుండటంతో, క్రిస్మస్ ముందురాత్రి ఆరాధనకు అందరూ గాజువాకలోని అత్తగారింటికి వెళ్లినా నేను ఇంటి దగ్గరే ఉండిపోతున్నాను. "నీకు దేవుడి కంటే గొర్రెలే ఎక్కువయ్యాయి" అని అత్తగారూ తోటికోడలూ అంటుంటే మావారు ఔననరు, కాదనరు. ఈ ఏడాది మా పదేళ్ల అబ్బాయి సీసాతో పాలుపట్టి పెంచిన పొట్టేలును పండగ భోజనానికి కోయాలని బావగారు చెప్పారు. దానితో వాడు చర్చికే రానంటున్నాడు. ఇంటి మీద నక్షత్రం కట్టడానికి కూడా నాకు మనసు రావడం లేదు. ఇలాంటి క్రిస్మస్‌కు అర్థమేమిటి?

జవాబు: అమ్మా, అత్తగారు అన్న మాటను మీరు కూడా నమ్మడం మొదలుపెట్టినట్టు మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. ముందుగా దానిని మనసులోంచి తీసివేయాలి.

లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలను ఒకేసారి కూర్చుని చదవండి. దేవాలయంలో ధూపం వేస్తున్న యాజకుడు జెకర్యాకు దేవదూత కనిపించినట్టు రాసిన ఆ సువార్తికుడే, రక్షకుడు పుట్టాడన్న వార్త మాత్రం రాత్రివేళ పొలంలో మందను కాచుకొంటున్న కాపరులకు అందినట్టు రాశాడు. యెరూషలేము దేవాలయం బేత్లెహేముకు పది కిలోమీటర్లు కూడా లేదు. అయినా ఆ రాత్రి అక్కడ లేకపోవడం వారి భక్తికి లోటని ఎవరూ అనలేదు. మీరు పాకలో లాంతరు పట్టుకొని ఈనుతున్న గొర్రె పక్కన కూర్చునే ఆ గంటలు దేవునికి దూరమైన గంటలని చెప్పడానికి వాక్యంలో ఆధారం లేదు. విశ్రాంతి దినాన గొర్రె గుంటలో పడితే దానిని పైకి తీయరా అని యేసు ప్రభువే అడిగినట్టు మత్తయి సువార్త పన్నెండవ అధ్యాయంలో ఉంది.

మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉన్నది ఆదికాండము ముప్పై మూడవ అధ్యాయం. ఏళ్ల తరబడి విడిపోయిన అన్న ఏశావు ఎదురువచ్చి, కౌగిలించుకొని, కలిసి ప్రయాణం చేద్దామని పిలిచినప్పుడు, పిల్లలకు పాలిచ్చే గొర్రెలూ పశువులూ తన దగ్గర ఉన్నాయనీ, ఒక్కరోజు వాటిని వడిగా తోలినా మంద అంతా చస్తుందనీ, అందువల్ల మెల్లగా వెనుక వస్తాననీ యాకోబు వినయంగా చెప్పాడు. పెద్దవారి పిలుపును గౌరవిస్తూనే మంద అవసరాన్ని దాచకుండా చెప్పవచ్చునని ఇక్కడ కనిపిస్తుంది. అయితే వస్తానన్న యాకోబు ఆ తరువాత సుక్కోతుకు మళ్లిపోయాడు. ఆ విషయంలో ఆయనను అనుసరించకండి. వస్తానని చెప్పిన రోజున తప్పకుండా వెళ్లండి.

ఇంతవరకు మీ పక్షాన చెప్పాను. ఆ కాపరులు పొలంలోనే ఉండిపోలేదన్నది కూడా మీకు చెప్పాలి. వారు త్వరగా బేత్లెహేముకు వెళ్లి శిశువును చూసి, దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వచ్చారు. ప్రతి ఏడాదీ ఆరాధనకు దూరమవుతూ, పాకలో ఒంటరిగా కూర్చుని అందరి మాటలూ మోయడమే మీ క్రిస్మస్ అయితే అది మంచిది కాదు. అక్కడ కాపరులు అనేకులు. మీ దగ్గర కాపరి మీరొక్కరే. మీ కష్టానికి మూలం ఇక్కడ ఉందని నేను అనుకుంటున్నాను. తండ్రి మాట మీద అన్నల దగ్గరకు బయలుదేరిన దావీదు ఉదయాన్నే లేచి గొర్రెలను మరొక కాపరికి అప్పగించి వెళ్లాడని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. మీరు ఎవరికి అప్పగించి వెళ్లాలి? పిల్లల ఫీజులు కట్టే గొర్రెలు ఇంటివైనప్పుడు వాటి కాపలా కూడా ఇంటిదే. ముందురాత్రి ఆరాధనకు మీరు వెళ్తే మీవారు పాక దగ్గర ఉండాలి, మరుసటి ఉదయం ఆరాధనకు ఆయన వెళ్లాలి. వచ్చే ఏడాది ఇది తారుమారు కావాలి. ఈ మాట ఇరవై నాలుగవ తేదీ సాయంత్రం హడావిడిలో అనకుండా, నెల మొదట్లోనే ఒక రాత్రి భోజనాలయ్యాక నెమ్మదిగా అడగండి. ముర్రుపాలు గంటలోపు పట్టించడం, బొడ్డుకు అయోడిన్ రాయడం, కాన్పు కష్టమైతే 1962 నంబరుకు ఫోన్ చేసి పశు వైద్య సహాయం అడగడం ఆయనకు ముందే నేర్పండి. ఆయన మౌనంలో సగం ఆ పనులు తెలియకపోవడం వల్ల వచ్చిందే కావచ్చు.

రాబోయే సంవత్సరాలకు మరొక మార్గం ఉంది. గొర్రె చూడి కాలం సుమారు ఐదు నెలలు కాబట్టి జూలై మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం వరకు పొట్టేళ్లను మందలో కలవనివ్వకపోతే క్రిస్మస్ వారంలో ఈనేవి దాదాపుగా ఉండవు. ఈసారి మాత్రం ఏదైనా గొర్రె నొప్పులు పడుతుంటే మనసులో నేరభావం పెట్టుకోకుండా ఉండిపోండి. అనేక సంఘాల పంచాంగంలో క్రిస్మస్ కాలం జనవరి మొదటి వారం వరకు సాగుతుంది; అత్తగారింటికి ఆ రోజుల్లో కేకు పట్టుకొని వెళ్లవచ్చు.

అంతకన్నా ముందు ఆమెనే మీ ఇంటికి పిలవండి. 1223లో ఇటలీలోని గ్రేచో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి పరిచిన పశువుల తొట్టి దగ్గర, బతికున్న ఎద్దునూ గాడిదనూ నిలిపి క్రిస్మస్ ఆరాధన జరిపించాడు. ఇప్పుడు మనం చర్చిల్లో పేర్చే పశువుల పాకకు ఆ రాత్రి ఎంతో ప్రేరణ ఇచ్చింది. మీకు పాక ఉంది, తొట్టి ఉంది, మంద ఉంది. ఒక సాయంత్రం అక్కడే చాప పరిచి, లూకా రెండవ అధ్యాయాన్ని అత్తగారి చేత చదివించి, ఒక పాట పాడి ప్రార్థన చేయండి. కేరల్స్‌కు వచ్చే యువకులను చూడి గొర్రెల దగ్గర డ్రమ్ములు వాయించవద్దని ముందే కోరండి. మిగిలిన బిర్యానీ, అన్నం, కేకు ప్రేమతో గొర్రెలకు పెట్టేవారు ఉంటారు. వాటికి ప్రాణాంతకమైన కడుపుబ్బరం రావచ్చు, కనుక ఎవరినీ పెట్టనివ్వకండి.

ఇక పొట్టేలు సంగతి. దానిని ఈ పండగకు కోయకూడదని నా స్పష్టమైన అభిప్రాయం. గొర్రెల పెంపకంలో అమ్మకమూ కోతా ఉంటాయని మీ అబ్బాయి తెలుసుకోవలసిందే, కానీ పాలుపట్టి పెంచమని వాడికి అప్పగించిన జీవాన్ని వాడిని అడగకుండా బంధువుల విందుకు కేటాయించడం వేరు. ఒక పేదవాడు బిడ్డలా పెంచుకొన్న ఆడ గొర్రెపిల్లను అతిథి భోజనానికి లాక్కొన్న ధనవంతుని కథను నాతాను ప్రవక్త దావీదుకు చెప్పింది ఇలాంటి అన్యాయం గురించే. ఆ కథను బావగారి ముందు ఎత్తకండి, ఆయన దోషిగా నిలబెట్టారని నొచ్చుకొంటారు. మీవారే అన్నగారితో ఏకాంతంగా మాట్లాడి, విందుకు మాంసం కొంటామనో మరొక పొట్టేలును ఇస్తామనో చెప్పాలి. ఇది మీ నోట రాకూడదు. ముందుముందు దానిని అమ్మక తప్పదనుకుంటే ఆ సంగతీ అబ్బాయి దగ్గర దాచవద్దు. అన్నదమ్ములు మాట్లాడుకొన్న రోజే వాడిని పాక దగ్గరకు తీసుకువెళ్లి, ఈ పండగకు దాని జోలికి ఎవరూ రారని వాళ్ల నాన్న చేతనే చెప్పించండి. చర్చికి వస్తావా అని మాత్రం ఆ రోజు అడగకండి.