పోటు చూడకుండా వచ్చేశావు

తిరుపతి

చిరంజీవి అబ్బాయికి,

నీ ఇస్తాంబుల్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే. రెండోసారి పెన్సిల్ పట్టుకుంటే 'అద్భుతం' అన్న మాట కింద పదకొండు గీతలు పడ్డాయి.

అందులో ఏడు తిండి దగ్గరే. 'ఐరాన్ అనే అద్భుతమైన పానీయం' అన్నావు. ఒరే నాయనా, అది పెరుగులో నీళ్ళూ ఉప్పూ కలిపి చిలికిన మజ్జిగ! మనం ఎండాకాలంలో తాగేదాంట్లో పడే అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు అందులో పడవు, అంతే. నీ నాలుక వాటికోసం వెతుక్కునే ఉంటుంది. అది రాయకుండా మెనూ కార్డు రాశావు. సిమిత్ సంగతీ అంతే. సంగటీ, చెనక్కాయల ఊరుబిండీ తిని పెరిగిన కడుపు, పొద్దున్నే నువ్వులద్దిన ఆ రొట్టె చక్రమూ చిన్న గ్లాసులో టీ ఇస్తే ఏమంది? ఊరుకుందా, పదకొండింటికి మళ్ళీ ఆకలేసిందా? కొత్త రుచిని పాత రుచితో కొలవకూడదని నీకెవరో చెప్పినట్టున్నారు. మన దగ్గర వేరే తూకం రాళ్ళు లేవు.

ఇక తోప్‌కాపి రాజభవనం. 1453లో నగరాన్ని గెలిచిన రెండో మెహ్మద్ కట్టించాడనీ, 1856లో సుల్తాను కొత్త భవనానికి మారాడనీ, 1924లో మ్యూజియం అయిందనీ రాశావు. తప్పులేవీ లేవు, గైడు చెప్పినవే. 86 క్యారట్ల వజ్రం ముందు పేజీ అంతా నిలబడ్డావు. రెండో ప్రాంగణంలో గుమ్మటాలూ పొగగొట్టాలూ బారు తీరిన వంటశాలలకి మాత్రం ఒక్కటే వాక్యం! పోటు అంటే శ్రీవారి గుడి వంటశాల అని వింటూ పెరిగిన తిరుపతి పిల్లాడివి, వేలమందికి వండిన చోటు దాటుకుని ఎలా వెళ్ళిపోయావురా?

నీ తిండీ నీ రాజభవనమూ కలిసేది అక్కడే కదా. 1574లో ఆ వంటశాలలు కాలిపోతే తిరిగి కట్టింది సినాన్, సులేమానియే మసీదు కట్టినాయనే. అక్కడి చైనా పళ్ళాల్లో లేత ఆకుపచ్చవి విషం తగిలితే రంగు మారతాయని నమ్మేవారు. వీటన్నిటికన్నా నాకు సుల్తాను సొంత దళమైన జానిసరీ సైనికుల సంగతి ఇష్టం. వాళ్ళ దళాధికారిని 'చోర్బాజీ' అనేవారు, అంటే చారు పోసేవాడు. సుల్తాను మీద కోపమొస్తే వంట అండా బోర్లించేవారు. తిరుగుబాటుకి గుర్తు అదే. ఉప్పు తిన్న ఇంటి గురించి మాట్లాడుకునే మనకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

నేనేదో పోటుగాణ్ణని కాదు. చంద్రగిరి రాజమహల్‌కి ఎన్నిసార్లు వెళ్ళానో. కలప వాడకుండా మూడంతస్తులు ఎలా లేపారా అని చూసి చూసి మెడనొప్పి తెచ్చుకున్నాను గానీ, ఆ రాజులకి వంట ఎక్కడ చేసేవారని ఒక్కసారీ అడగలేదు. దాని మీద నేను రాసిన వ్యాసం అందుకే చప్పగా ఉంటుంది.

వంటశాల దగ్గర మొదలుపెట్టి తిరగరాయి. ఫోన్లో ఫొటోలు చూడొద్దు, గుర్తున్నది చాలు. టికెట్ లైన్లో పడ్డ టెన్షన్ అంతా తీసెయ్.

నువ్వు తెచ్చిన లోకుం మిఠాయి డబ్బా అయిపోయింది. మీ పెద్దమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, 'చక్కెరలో దొర్లించిన తాటిముంజ' అంది. వాడుకోవాలనుంటే ఆమెనే అడుగు.

మీ పెదనాయన