లండన్ ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్‌లో ఏం చూడాలి, ఏ టీ కొనాలి?

అమ్మానాన్నలతో లండన్ వెళ్తున్నాం, పికడిలీ వీధిలో టీకి పేరున్న పాత షాపు ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ చూడాలా, చూస్తే ఏ టీ కొనాలి అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. పై అంతస్తులో కూర్చుని టీ తాగే హాల్లో టేబుల్ బుక్ చేసుకున్నా చేసుకోకపోయినా, కింది అంతస్తులో టీ కౌంటర్ దగ్గర మాత్రం తీరిగ్గా గడపండి. అమ్మతో వెళ్లినప్పుడు మాకు బాగా నచ్చింది అదే.

విడి టీ పెద్ద డబ్బాల్లో ఉంటుంది. అడిగితే వాసన చూపించి, తూకం వేసి ఇస్తారు. మీరు ఇంట్లో టీ ఎలా తాగుతారో ముందే చెప్పండి. "పాలు పోసుకుని కాస్త చిక్కగా తాగుతాం" అని అమ్మ అంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. వెంటనే రాయల్ బ్లెండ్ చూపించారు. అది 1902లో ఏడో ఎడ్వర్డ్ రాజు కోసం కలిపిన టీ. అస్సాం, సిలోన్ (శ్రీలంక) ఆకుల మిశ్రమం. అస్సాం ఆకు ఉండటం వల్ల పాలు పోసినా రుచి పలచబడదు. అయితే మన అలవాటు ప్రకారం పొయ్యి మీద చాలాసేపు మరిగిస్తే ఆ సువాసన పోతుంది. మరిగిన నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, వడకట్టి, వేడి పాలు కలుపుకోండి. అమ్మకు అలాగే నచ్చింది. ఎర్ల్ గ్రే కొంటే పాలతో అస్సలు మరిగించకండి. దాని పరిమళమంతా బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనెది.

షాపు 1707లో మొదలైంది. ఆన్ రాణి కొలువులో పనిచేసే విలియం ఫోర్ట్‌నమ్ మహల్లో సగం కాలిన కొవ్వొత్తులు అమ్మి డబ్బు కూడబెట్టాడని, తన ఇంటి ఓనర్ హ్యూ మేసన్‌తో కలిసి వ్యాపారం పెట్టాడని చెబుతారు. వెళ్లేముందు ఈ కథ అమ్మానాన్నలకు చెప్పండి, చూసేటప్పుడు ఆసక్తిగా ఉంటుంది.

నాలుగో అంతస్తులో ఉన్న ఆ టీ హాలును, అంటే టీ సెలూన్‌ను, 2012లో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. శాండ్‌విచ్‌లు, స్కోన్‌లు (చిన్న బన్నుల్లాంటివి), క్లాటెడ్ క్రీమ్ (చిక్కటి మీగడ), కేకులు, వీటితో టీ. ఖరీదు బాగా ఎక్కువ. వెళ్లేవాళ్లు ఆ రోజు మధ్యాహ్నం భోజనం మానేయడం మంచిది. శాకాహారులకు వేరే మెనూ ఉంటుంది, బుకింగ్ అప్పుడే చెప్పేయండి. బడ్జెట్ సరిపోకపోతే బాధపడక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి టీ బోలెడు వస్తుంది. స్వీట్లు కొనేటప్పుడు మాత్రం జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో లేబుల్ చూడండి.

గ్రీన్ పార్క్ స్టేషన్‌లో దిగితే దగ్గర. ముఖద్వారం పైన 1964లో పెట్టిన గడియారం ఉంది. గంట గంటకీ ఫోర్ట్‌నమ్, మేసన్ బొమ్మలు బయటికొచ్చి ఒకరికొకరు వంగి నమస్కరించుకుంటాయి. రోడ్డుకు అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడితే బాగా కనిపిస్తుంది.

డిసెంబరులో అయితే వారం మధ్యలో, షాపు తెరిచే సమయానికే చేరుకోండి. క్రిస్మస్ హ్యాంపర్ల (కానుక బుట్టల) రద్దీ మొదలయ్యాక కౌంటర్‌లో నింపాదిగా అడిగి తెలుసుకోవడం కష్టం.