బుజ్జీ, ఆ బ్యాగ్‌కి డబ్బు పంపే ముందు

బుజ్జీ,

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకావిడ అమ్ముతోందని నువ్వు వాట్సాప్‌లో పంపిన నల్ల షనెల్ బ్యాగ్ ఫొటోలు నిన్న రాత్రి నుంచీ తిప్పి తిప్పి చూస్తున్నాను. బ్యాగ్ బాగుంది, కాదనను. ఫోన్‌లో చెబితే సగం విని "సరేలే పిన్నీ" అనేస్తావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇంకా అడ్వాన్స్ పంపలేదుగా? పంపకు.

ముందు నా సంగతి విను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు. 2013లో ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, వాడిన బ్యాగులు అమ్మే ఒకావిడ దగ్గర లూయీ విటాన్ కంపెనీ స్పీడీ బ్యాగ్ కొన్నాను. 640 డాలర్లు, చెక్కు రాసిచ్చాను. డబ్బా, గుడ్డ సంచి, రసీదు అన్నీ ఇచ్చింది. ఆ బ్యాగుల పిడులకి రంగు వేయని ఆవు తోలు వాడతారు. కొత్తలో లేత గోధుమ రంగులో ఉండి, ఎండా చేతి చెమటా తగిలే కొద్దీ తేనె రంగుకి తిరుగుతుంది. మా ఆఫీసులో ఒకావిడ బ్యాగ్ పిడులు ఏడాదిన్నరకే తాటిబెల్లం రంగుకి వచ్చేశాయి. నావి రెండు వేసవులు గడిచినా పాలిపోయినట్టు అలాగే ఉన్నాయి. నేనెంత పొందిగ్గా వాడుతున్నానో అని మురిసిపోయాను కూడా!

జిప్ పాడైతే కంపెనీ షాపుకే పట్టుకెళ్లాను. అక్కడి అమ్మాయి లోపలికి తీసుకెళ్లి రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, "ఈ వస్తువుకి మేం సర్వీస్ చేయలేమండీ" అంది. నకిలీ అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వలేదు. వెనక క్యూలో నలుగురు. ఆ బ్యాగ్ చంకలో పెట్టుకుని కారు దాకా ఎలా నడిచానో నాకే తెలుసు.

ఇంటికొచ్చి లోపల కుట్టిన చిన్న తోలు ముక్క మీద నంబర్ చూశాను. 2007 నుంచి వాళ్లు వేసిన కోడ్‌లో ఒకటో అంకె, మూడో అంకె కలిపితే వారం, రెండోది, నాలుగోది కలిపితే ఏడాది. నా బ్యాగ్ మీద 6122. అంటే 2012లో 62వ వారం. ఏడాదికి ఎన్ని వారాలో ఆ కుట్టినవాడికీ పట్టలేదు, కొన్న నాకూ పట్టలేదు.

ఇది చదివి "అయితే నేను నంబర్ చూసుకుంటాలే" అనుకోకు. అది పాతకాలపు దొంగతనం. ఇప్పటివాళ్లు అసలు బ్యాగ్ ఒకటి కొని, కుట్టు కుట్టూ విప్పి చూసి చేస్తున్నారు. పైగా 2021 నుంచి లూయీ విటాన్ ఆ కోడ్ వేయడమే మానేసి లోపల చిప్ పెడుతోంది. ఈ కంపెనీకి నకిలీల బెడద కొత్తేమీ కాదు. ఆ పువ్వులూ అక్షరాలూ ఉన్న మోనోగ్రామ్ గుడ్డని కంపెనీ పెట్టినాయన కొడుకు జార్జ్ విటాన్ 1896లో తెచ్చిందే కాపీ కొట్టేవాళ్ల బాధ పడలేక. ఇప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద ఎక్కువ కనపడేది ఆ డిజైనే.

మనకి బంగారం కొనడం తెలుసు. హాల్‌మార్క్ చూస్తాం, ఆరక్షరాల హెచ్‌యూఐడీ నంబర్ని యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. పట్టుచీరైతే మీ అమ్మమ్మ కొంగులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించేది. వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిదైతే పట్టు, ముద్దలా అతుక్కుంటే పాలిస్టర్. వాడిన బ్యాగ్‌కి అలాంటి గీటురాయి కొనేవాళ్ల చేతిలో లేదు. షాపుకెళ్లి "ఇది మీదేనా" అని అడిగినా తేల్చి చెప్పరు.

ఇక నీ ఫొటోల దగ్గరికి వస్తాను. 2022లో పారిస్ షాపులో కొన్నానని ఆ అమ్మే ఆవిడ రాసింది. మూడో ఫొటోలో అసలుదేనని కంపెనీ ఇచ్చే అథెంటిసిటీ కార్డు, లోపల నంబర్ స్టిక్కర్ గర్వంగా చూపించింది. షనెల్ ఆ కార్డూ స్టిక్కరూ 2021లోనే ఆపేసి, లోపల చిన్న లోహపు పలక బిగిస్తోంది. పాత స్టాక్ అని సర్దిచెబుతుందేమో, అయితే షాపు బిల్లు మీద తేదీ చూపించమను. అయిదో ఫొటో పెద్దది చేసి చూడు. మూత మూసినప్పుడు పైన కుట్టు గళ్లు కింది గళ్లతో గీత గీసినట్టు కలవాలి, ఇక్కడ ఎడమ పక్క అరగడి జరిగింది. అన్నిటికన్నా ధర. ఆ సైజు కొత్తది అమెరికాలో 10 వేల డాలర్లు దాటిపోయింది. ఆమె లక్షా నలభై వేల రూపాయలకి ఇస్తానంటోంది, అదీ "నువ్వు చెల్లెలి లాంటి దానివని". చెల్లెలికి ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమై ఎన్ని రోజులైంది?

వాడినవి అమ్మే పేరున్న షాపు దగ్గర కొంటే ఏ గొడవా ఉండదనీ అనుకోకు. న్యూయార్క్‌లో వాట్ గోస్ అరౌండ్ కమ్స్ అరౌండ్ అని 1993 నుంచీ నడుస్తున్న షాపు ఉంది. నకిలీ బ్యాగులు కూడా అమ్ముతోందని షనెల్ దాని మీద 2018లో కేసు వేసింది. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ షనెల్ వైపే తీర్పిచ్చి, 40 లక్షల డాలర్లు కట్టమంది. అయినా పెద్ద షాపే నయం అంటాను. కోర్టుకి లాగాలన్నా దానికి ఒక చిరునామా ఉంటుంది.

అందుకే నేనిప్పుడు కుట్లకన్నా ముందు అమ్మేవాళ్లని చూస్తాను. బిల్లు ఇస్తారా, దాని మీద జీఎస్టీ నంబర్ ఉందా, నకిలీ అని తేలితే డబ్బు వాపస్ ఇస్తామని రాసిస్తారా, ఎన్ని రోజుల్లోపు. ఇవాళ్టి తేదీ కాగితం మీద రాసి బ్యాగ్ పక్కన పెట్టి వీడియో తీయమను. ఈ ఒక్క మాటకే చాలామంది మాయమైపోతారు, ఎందుకంటే ఫొటోలు వాళ్లవి కావు. సర్టిఫికెట్ ఉందంటే కాగితం చూసి ఊరుకోకు. ఇచ్చిన సంస్థ సైట్‌లోకి నువ్వే వెళ్లి ఆ నంబర్ కొట్టి, అక్కడి ఫొటోలో ఉన్నది ఇదే బ్యాగా, గీతలూ మరకలూ కలుస్తున్నాయా చూడు. అసలు బ్యాగ్ సర్టిఫికెట్‌తో నకిలీని అంటగట్టడం మామూలైపోయింది.

డబ్బు మాత్రం క్రెడిట్ కార్డు మీదే కట్టు. మోసమైతే బ్యాంకులో డిస్ప్యూట్ వేయడానికి ఒక దారైనా ఉంటుంది. యూపీఐలో పంపితే ఇక ఆమె దయ. అలా పంపి మోసపోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. పార్సెల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయి, ట్యాగ్ తెంపకు. వాపస్ గడువు ముగిసేలోపు వేరే నిపుణుడికి చూపించు. అది ఖర్చే, కానీ ఆ ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకునే కొనాలి.

నకిలీయే, ఫస్ట్ కాపీ అని చెప్పే అమ్మితే కొనుక్కుంటే ఏం అంటావేమో. నీ ఇష్టం, కానీ అందులో తోలు ఎలాంటిదో జిప్ ఎన్నాళ్లుంటుందో ఎవరూ పూచీ ఉండరు. ఆ డబ్బుకి మన దగ్గర మంచి తోలు బ్యాగే వస్తుంది. నా బ్యాగ్ సంగతి తెలిశాక ఒక ఫ్రెండ్ "నువ్వూ ఎవరికో ఒకరికి అమ్మేయ్" అంది. తెలిసి అమ్మితే మోసం, ఇండియాలోనైతే ట్రేడ్‌మార్క్ చట్టం కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు. అదలా ఉంచు, ఇంకో అమ్మాయి అలా చంకలో పెట్టుకుని కారు దాకా నడవాలా?

ఆ బ్యాగ్ ఇప్పుడు గరాజ్‌లో ఉంది, ఉల్లిపాయలు పోసుకుంటున్నాను. దసరాకి వచ్చేటప్పుడు ఖాళీ చేసి తెస్తాను, నువ్వే చూడు. పన్నెండేళ్లు దాటినా పిడులు అలాగే తెల్లగా ఉన్నాయి.

మీ పిన్ని