పండగ సెలవా, ఉత్త సెలవా: టికెట్ తీసేముందు అది చూడు

పాపా,

ఆగస్టు 15కి పిల్లల్ని బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న వండర్లా పార్కుకి తీసుకెళ్తున్నారని మీ నాయన చెప్పాడు. ఆ రోజు మాత్రం వద్దు తల్లీ. పిల్లలు అంత దూరం పోయేది రైడ్లెక్కడానికి, రోజంతా క్యూలో కమ్మీ పట్టుకుని వేలాడటానికి కాదు. నా సర్వీసంతా బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్ దగ్గరే గడిచింది కాబట్టి జనం ఎప్పుడు కదులుతారో, ఎటు కదులుతారో నాకు బాగా తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

సెలవుల్లో రెండు రకాలుంటాయి. మనిషిని సొంతూరికి లాక్కొచ్చే పండగ ఒకటి, ఏమీ తోచకుండా ఇంట్లో కూర్చోబెట్టే ఉత్త సెలవు ఒకటి. సంక్రాంతికి బెంగళూరులో ఉండే మన చిత్తూరు, మదనపల్లె వాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని ఇటు వచ్చేస్తారు, ఎన్ని స్పెషల్ బస్సులు వేసినా చాలవు, అక్కడ ఊరు కాస్త పలచబడుతుంది. ఆగస్టు 15, అక్టోబర్ 2 అట్లా కాదు. ఆ ఒక్కరోజు కోసం ఊరికి పోయేవాళ్ళు తక్కువ, ఇంట్లో పిల్లలు గోల, పొద్దున లేచేసరికి అందరికీ పార్కుకి పోదామని ఒకటే ఆలోచన వస్తుంది. అది శుక్రవారమో సోమవారమో పడి శని, ఆదివారాలతో కలిసిందంటే మధ్య రోజు సంగతి ఇంక చెప్పక్కర్లేదు. తప్పనిసరిగా అట్లాంటి సెలవుల్లోనే వెళ్ళాల్సి వస్తే చివరి రోజు పెట్టుకోండి. మర్నాడు బడి, ఆఫీసు ఉంటాయి కదా, దూరం నుంచి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాటగానే బయల్దేరతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. చూడాల్సింది మన పిల్లల బడి క్యాలెండర్ కాదు, పార్కు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం క్యాలెండర్. మనకి వేసవి సెలవులయ్యాక బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, కర్ణాటకలో మామూలుగా మే నెలాఖరుకే తెరిచేస్తారు. అంటే జూన్ మొదటివారంలో మనవాళ్ళకి సెలవు, అక్కడి పిల్లలకి కొత్త పుస్తకాలు! ఆ వారంలో మంగళవారమో బుధవారమో దొరికితే అంతకంటే ఏం కావాలి. సంక్రాంతికీ అంతే, మనకి వారం పైనే సెలవులు, వాళ్ళకి పండగ ఒక్కరోజే. కాకపోతే నవంబరు నుంచి జనవరి దాకా స్కూళ్ళ ఎక్స్‌కర్షన్ బస్సులు దిగుతుంటాయి, అది గుర్తుపెట్టుకో. ఆ పిల్లలు సాయంత్రానికి ఇళ్ళకి చేరాలి కాబట్టి పెందలాడే వెళ్ళిపోతారు, ఆ తర్వాత లైన్లు పలచబడతాయి. దసరా మాత్రం వద్దు. రెండు రాష్ట్రాల్లోనూ సెలవులే, పైగా బిడది ఉండేది మైసూరు రోడ్డు మీద, ఉత్సవాలు చూడబోయే కార్లన్నీ అటే పోతాయి.

చెన్నై వైపు అనుకుంటే, మనం ముక్కనుమ అంటామే ఆ రోజు సముద్రం పక్కన పోయే ఈసీఆర్ రోడ్డు మొహం కూడా చూడొద్దు. తమిళనాడులో అది కాణుం పొంగల్, ఇంటిల్లిపాదీ అన్నం మూటలు కట్టుకుని బయటికొచ్చే రోజు. మెరీనా బీచి, వండలూరు జూ కిటకిటలాడతాయి, వీజీపీ, ఎంజీఎం పార్కులు ఉండేది కూడా ఆ సముద్రం రోడ్డు మీదే.

ఇవన్నీ లెక్కేయడం కష్టమనిపిస్తే, వేరే వేరే తేదీలకి ఆన్‌లైన్లో టికెట్ రేటు ఎంతుందో చూడు. మామూలు రోజుకంటే ఎక్కువ పెట్టారంటే ఆ రోజు జనం వస్తారని పార్కు వాళ్ళే లెక్కేసుకున్నారన్నమాట.

ఇక లోపలికెళ్ళాక. లైను పొడుగు చూసి బెదరొద్దు. తిరుమలలో ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, ఎంత తొందరగా వదుల్తున్నారు అని అడుగుతాం చూడు, ఇక్కడా అదే లెక్క. రైడుకి ఎన్ని సీట్లున్నాయో చూడు, ఒకసారి కదిలాక మళ్ళీ కదలడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఫోన్లో చూసుకో. 20 సీట్లు, 4 నిమిషాలకోసారి అంటే గంటకి 300 మంది. ముందు 150 మంది ఉంటే అరగంట, అంతే. మెలికలు తిరిగిన లైనులో ఒక వరస లెక్కపెట్టి, ఎన్ని వరసలుంటే అన్నిట్లతో గుణించుకో. అయితే సీట్లు ఖాళీగా పోతున్నాయేమో కూడా గమనించు, బెల్టులు పెట్టడానికి ఒక్కడే మనిషి ఉంటే ఆ లెక్క సాగదు. ఒకే ట్రాక్ మీద ముందుకీ వెనక్కీ పోయే రోలర్‌కోస్టర్‌కి ఉండేది ఒకటే బండి, దాని లైను చిన్నగా కనిపించినా మెల్లగా కదులుతుంది. అట్లాంటివి గేటు తెరవగానే ఎక్కేయండి. అందరూ గేటు పక్కనున్న వాటి దగ్గరే ఆగిపోతారు, మీరు నేరుగా పార్కు లోపలి చివరికి నడవండి.

భోజనం పన్నెండుకో, లేకపోతే మూడు దాటాకో. ఒంటిగంటకి ఊరంతా తిండి దగ్గర ఉంటుంది, ఆ వేళలో రైడ్లెక్కాలి. ఎండ మండేటప్పుడు జనం నీళ్ళలోకి దిగుతారు కాబట్టి నీళ్ళు లేని రైడ్లు ఖాళీగా ఉంటాయి. నాలుగు దాటాక అందరూ బట్టలు మార్చుకుని వీటి మీద పడతారు. ఉరుములొస్తే ఎత్తుకి పోయే రైడ్లు ఆపేస్తారు, చాలామంది విసుక్కుని క్యాంటీన్‌కో ఇంటికో పోతారు. మీరు దగ్గర్లోనే నిలబడండి, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టిన మొదటి పావుగంట మీదే.

ఎక్కువ డబ్బు కట్టి లైను తప్పించుకునే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ మామూలు రోజుల్లో దండగ. రద్దీ రోజే తప్పకపోతే మాత్రం డబ్బు చూడొద్దు, తీసుకో. చిన్నోడి ఎత్తు ముందే కొలిపించు, అంతసేపు నిలబడ్డాక వెనక్కి పంపిస్తే వాడు ఏడుపు ఆపడు. నీళ్ళలోకి నైలాన్ బట్టలే, కాటన్ వేసుకుంటే రానివ్వరు.

పిల్లల యూనిట్ టెస్టులు ఎప్పుడైపోతాయో కనుక్కో. ఆ తర్వాత, వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి తగలకుండా ఒక బుధవారం చూసుకోండి. ఒక్కరోజు బడి మానితే కొంపలేం మునిగిపోవు. మంగళవారం రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగుతారు. తేదీ అనుకున్నాక అల్లుడితో ఫోన్ చేయించు, సీట్ల సంగతి నేను చూస్తా.

మీ పెదనాయన
చిత్తూరు