పాత యజమాని బీమ్ చెక్కారు, నోటీసు నాకు వచ్చింది

ప్రశ్న: హైదరాబాదులో ఇరవై ఫ్లాట్లున్న అపార్టుమెంటులో రెండో అంతస్తు ఫ్లాటును 2023లో కొన్నాను. పాత యజమాని 2012లో బాల్కనీ మూసి గదిగా మార్చారు. గుమ్మం ముందు కారిడారుకు గ్రిల్ పెట్టి చెప్పుల స్టాండు కట్టించారు. ఇవి కొనేటప్పుడే చూశాను. మొన్న నీరు కారుతోందని ఫాల్స్ సీలింగ్ విప్పిస్తే, హాలు మధ్యగోడ తీసినప్పుడు పైనున్న బీమ్‌ను కూడా చెక్కేసినట్లు తేలింది. ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. పై ఫ్లాటులో నేల పగిలింది. వారంలోగా అన్నీ సరిచేయకపోతే రెండు లక్షల జరిమానా వేసి నీళ్లు ఆపేస్తామని అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. పన్నెండేళ్లు దాటిన మార్పులకు, అదీ నేను చేయని వాటికి, నేను బాధ్యుడినా?

జవాబు: మీరూ, అసోసియేషనూ మూడు మార్పులను ఒకే మూట కట్టారు. వాటిని విడదీయాలి. అన్నిటికంటే ముందు బీమ్.

దీనికి లాయరు కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు కావాలి. ఇది చదివిన రోజే పిలిపించండి. పిల్లర్లు, బీములు బరువు మోసే కట్టడంలో మధ్యగోడ తీసినంత మాత్రాన సాధారణంగా ముప్పు రాదు. బీమ్ చెక్కడం వేరు. బయటపడిన చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి, మిగిలిన కాంక్రీటును కూడా పగలగొడతాయి. కింద ప్రాపులు (తాత్కాలికంగా బరువు మోసే ఊత కర్రలు లేదా ఇనుప స్తంభాలు) పెట్టాల్సి రావచ్చు. ఆ బరువు మొదటి అంతస్తు స్లాబు మీద పడుతుంది కనుక ఎక్కడ, ఎలా నిలపాలో చెప్పవలసింది ఇంజనీరు, మేస్త్రీ కాదు. మరమ్మతు మొదలుపెట్టే ముందు తేదీతో ఫొటోలు, వీడియో తీయించండి. లిఖితపూర్వక నివేదిక తీసుకోండి. సిమెంటు పూసిన తర్వాత మీ దగ్గర సాక్ష్యం మిగలదు.

ఆ బీమ్ మీ హాలులో ఉన్నా మీ ఒక్కరిది కాదు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం పునాదులు, పిల్లర్లు, బీములు, ప్రధాన గోడలు, కారిడార్లు, మెట్లను ఉమ్మడి భాగాలుగా చెబుతుంది. మీ దస్తావేజులో రాసిన అవిభక్త వాటా అందులోనిదే. కాబట్టి బీమ్‌ను సరిచేయమని అడిగే హక్కు మిగిలిన పంతొమ్మిది కుటుంబాలకూ ఉంది.

పన్నెండేళ్లు దాటితే ఎవరూ అడగలేరన్న మాట నా దగ్గరికి వచ్చే చాలామంది గట్టిగా నమ్ముతారు. కాలపరిమితి చట్టంలో ఆ గడువు ఉన్నది స్థిరాస్తి స్వాధీనం కోసం వేసే దావాలకు. సహయజమాని ఒకరు ఉమ్మడి స్థలం వాడుకుంటే అందరి తరఫున వాడుకున్నట్లే లెక్క. మిగిలిన వారి హక్కును బాహాటంగా కాదని వారిని వెళ్లగొట్టినట్లు రుజువైతేనే ఆ గడువు నడుస్తుంది. చెప్పుల స్టాండుతో అంత రుజువు కాదు. ఇక అనుమతి లేని నిర్మాణం ఎన్నేళ్లు గడిచినా, ఎంత ఖర్చు పెట్టినా సక్రమం కాబోదని రాజేంద్ర కుమార్ బర్జాత్యా కేసులో సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న స్పష్టం చేసింది.

అయితే తప్పు వేరు, సరిచేసే బాధ్యత వేరు. 2012లో జరిగిన పనికి మీరు దోషి కారు. ఫ్లాటుతో పాటు దాని లోపమూ మీ చేతికి వచ్చింది కనుక ఇప్పుడు బాగుచేయించవలసింది మీరే. ఆ ఖర్చును పాత యజమాని నుంచి రాబట్టే దారి ఉంది. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకు తెలిసి ఉంటే, అమ్మేవారు దాన్ని చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే దాన్ని మోసంగానే చూస్తుంది. ఫాల్స్ సీలింగ్ వెనుక దాచిన బీమ్ సరిగ్గా అలాంటిది. మోసం బయటపడిన నాటి నుంచి మూడేళ్లు లెక్కపెట్టుకోండి. పని మొదలుకాకముందే రిజిస్టర్డ్ పోస్టులో ఆయనకు నోటీసు పంపి, వచ్చి చూసుకోమనండి. బాల్కనీ, గ్రిల్ మాత్రం మీరు చూసే కొన్నారు. వాటి విషయంలో ఆయనను పట్టుకోలేరు.

గ్రిల్, స్టాండు ఈ వారమే తీసేయండి. కారిడారు అగ్నిప్రమాదంలో అందరూ బయటపడే దారి. దాని కోసం వాదించమంటే నేనైతే ఆ కేసు తీసుకోను. బాల్కనీ గది ఆమోదిత ప్లానుకు విరుద్ధమైతే ఆ సంగతి తేల్చవలసింది కార్పొరేషన్. 2015 అక్టోబరు 28కి ముందటి కట్టడాల క్రమబద్ధీకరణకు అప్పట్లో దరఖాస్తులు తీసుకున్నారు, పాత యజమాని పెట్టారేమో కనుక్కోండి. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిన ఫ్లాట్లలోనూ బాల్కనీలు మూసి ఉండవచ్చు. దానితో మీది సక్రమం కాదు గానీ, మీ ఒక్కరికే నోటీసు ఎందుకని సర్వసభ్య సమావేశంలో అడగవచ్చు.

అసోసియేషన్ కూడా హద్దు దాటింది. నియమావళిలో లేని జరిమానా చెల్లదు. తాగునీరు ఆపడం బెదిరింపు, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఆపకూడదన్న నిషేధ ఉత్తర్వు) అడగండి. అసోసియేషన్ సొసైటీల చట్టం, 2001 కింద రిజిస్టరైతే 23వ సెక్షన్ ప్రకారం జిల్లా కోర్టుకు గానీ మధ్యవర్తిత్వానికి గానీ వెళ్లవచ్చు. ఈలోగా ఇంజనీరు నివేదిక జతచేసి, ఏ పని ఏ తేదీకి ముగుస్తుందో రాసి జవాబు ఇవ్వండి. తప్పంతా మీదేనని ఒప్పుకునే కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు.

ఈ సాయంత్రమే మూడో అంతస్తుకు వెళ్లండి. ఇంజనీరు వచ్చి చూసేవరకు ఆ పగులున్న గదిలో ఎవరూ పడుకోవద్దని, బీరువా లాంటి బరువులు తీసేయమని మీరే చెప్పండి.